రెండు కొసలూ తగిలించే ఉన్నాయి

మనిషి ఇంట్లో ఉన్నదీ లేనిదీ మనిషిని చూసి తేల్చే కాలం పోయింది. ఇప్పుడా సంగతి తేల్చేది తీగ. తీగ కంప్యూటర్‌కి తగిలించి ఉంటే మనిషి ఉన్నట్టు. ఊడిందా, ఆ మనిషి కుర్చీలో కూర్చుని ఆవలిస్తున్నా సరే, లేనట్టు. ఈ సత్యాన్ని కనిపెట్టినవారు ఒక ఆఫీసులో, ఇంటినుంచి పనిచేసేవాళ్ళ మీద కన్నేసి ఉంచే గృహవిధుల హాజరు పర్యవేక్షణాధికారి. (ఆయన్ని ఇంతవరకూ చూసినవాళ్ళు లేరు. ఆయన తీగ మాత్రం ఎప్పుడూ తగిలించే ఉంటుంది కాబట్టి ఆయన ఉన్నట్టే లెక్క.)

ఆ ఆఫీసు రికార్డుల విభాగంలో పనిచేసే కోడలికి మూడు నెలలపాటు ఇంటినుంచి పని చేసుకునే అనుమతి దొరికింది. అత్తగారి మోకాలికి ఆపరేషన్ అయింది. పదకొండు సంతకాలు, మోకాలి ఎక్స్‌రే మూడు ప్రతులు సమర్పించాక వచ్చిన ఆ కాగితంలో, ‘రోగి స్వయంగా వంగలేని స్థితిలో ఉన్నంతకాలం ఈ అనుమతి చెల్లును’ అని ఉంది. కోడలు దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచుకుంది. ఆఫీసుకి రెండు బస్సులు మారాలి. భర్త కళ్ళజోళ్ళ ఫ్రేములు అమ్ముకుంటూ నెలకి ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతాడు. తనూ బస్సెక్కితే అత్తగారికి మంచం మీంచి బాత్రూమ్ దాకా చెయ్యందించే దిక్కు లేదు.

అనుమతితోపాటు ఆఫీసువాళ్ళు ఒక కంప్యూటర్ కూడా పంపారు. దాని వీపున ఎర్రటి చీటీ: ‘రాతపూర్వక అనుమతి లేనిదే వెనకవైపు ముట్టుకోరాదు.’ దాంతో వచ్చిన నిబంధనల్లో పదకొండోది, నెట్ తీగ ద్వారానే రావాలి, గాలిలో వచ్చేదాన్ని ఆఫీసు గుర్తించదు అంటుంది. పన్నెండోది, గంటకు మించి కంప్యూటర్ ఆఫీసుకి కనబడకుండా పోతే, కారణమేమిటో, కారకులెవరో రాసిన ధ్రువపత్రం నెట్ కంపెనీ నుంచి వారంలోగా తేవాలి, లేదా అనుమతి రద్దు అంటుంది. పన్నెండో నిబంధన కోడలికి ఎక్కాల్లా నోటికొచ్చు.

మంగళవారం పదింటికి ఆమె కంప్యూటర్ ముందు కూర్చునేసరికి తెర మూల ఎర్రటి ఇంటూ గుర్తు కనబడింది. పక్కనే, తీగ తగిలించలేదు అని రాసుంది.

పొరుగూరి నుంచి భర్త ఫోన్లో, ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యమన్నాడు. (బట్టలుతికే మిషన్‌కీ ఇదే చెప్పాడు. తల్లి మోకాలి విషయంలో కూడా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.) ఆపి ఆన్ చేసింది. విశ్రాంతి దొరికినందుకేమో, ఈసారి ఎర్ర గుర్తు ఇంకా నిగనిగలాడింది.

నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే పంతొమ్మిది నిమిషాల సంగీతం తర్వాత సమస్యా నివారణ సహాయకురాలు, రెండో శ్రేణి, పలికింది. ఆవిడ దగ్గర ప్రశ్నావళి ఉంది. అందులో లేనిది అడగకూడదు, వినకూడదు.

“తీగ రెండు కొసలూ తగిలించి ఉన్నాయా మేడమ్?”

కోడలు బల్ల కిందకి తొంగి చూసింది. ఎప్పుడూ కాళ్ళకి అడ్డంపడే తీగ ఆ రోజు చక్కగా చుట్టలు చుట్టి గోడవారగా సర్ది ఉంది. ఇంతలో మంచం మీంచి అత్తగారు, రెండూ ఉన్నాయి, తను స్వయంగా చూశానని ధీమాగా చెప్పారు.

“ఉన్నాయండీ.”

“ఎక్కడైనా కొస వేలాడుతోందా?”

“లేదు.”

“నెట్ బాక్సు మీద దీపాలు?”

“పచ్చగా ఉన్నాయి. చివరి రెండూ మరీ ఆత్రంగా మిణుకుతున్నాయి.”

“చాలా మంచి లక్షణం మేడమ్.”

“కంప్యూటరేమో తీగ తగిలించలేదంటోందండీ.”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. “కంప్యూటర్ మా చందాదారు కాదు మేడమ్. దాని మాట మేం తీసుకోలేం.”

ఫోన్ పెట్టేసిన మరుక్షణం, సమస్య పరిష్కరించామనీ, తమ సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారనీ మెసేజ్ వచ్చింది. కోడలు రెండో ఫిర్యాదు చేసింది. మొదటిది పరిష్కారమైంది కాబట్టి రెండోదీ పరిష్కారమైనట్టేనని దాన్నీ మూసేశారు. అప్పటికి పదకొండున్నర. పన్నెండో నిబంధన ఇచ్చిన గంట దాటిపోయింది.

ఇక లాభం లేదని కోడలు కొంగు దోపుకుని నేలమీద కూర్చుంది. బాక్సులోంచి బయటికొచ్చిన తీగని వేళ్ళమధ్య పట్టుకుని దానివెంట బయలుదేరింది. తీగ బల్ల కింద నుంచి వెళ్ళి, బీరువా పక్కన వంపు తిరిగి, గోడవార మూడు చుట్లు తిరిగి, మళ్ళీ బల్ల కిందకే వచ్చి, బయలుదేరిన బాక్సులోనే పక్క కన్నంలో దూరింది. ఆఫీసులో ఫైళ్ళు కూడా అచ్చం ఇలాగే ప్రయాణిస్తాయి కాబట్టి ఆమెకి పెద్దగా ఆశ్చర్యం వేయలేదు.

“అత్తయ్యా, ఈ కొస ఇందులో ఎవరు పెట్టారు?”

“నేనే. పొద్దున నువ్వు మేడమీద బట్టలారేస్తున్నావు చూడు, అప్పుడు నా చేతికర్ర తగిలి ఊడొచ్చింది. అలా వేలాడుతుంటే నాకు ఊపిరాడదని నీకు తెలుసు కదా.”

“ఊడిన చోటే పెట్టలేకపోయారా?”

“ముట్టుకోకూడదని రాశారుగా! ఆఫీసు సామానమ్మా, మనకెందుకొచ్చిన గొడవ. దీంట్లో అదే కొలతలో కన్నం ఖాళీగా కనబడింది.”

ఈ ఇంట్లో వేలాడే కొసలకు చోటు లేదు. కర్టెన్ దారమైనా, లంగా బొందైనా, ఎవరైనా సగంలో ఆపిన మాటైనా సరే, అత్తగారు దాన్ని ఎక్కడో ఒకచోట దోపనిదే నిద్రపోరు. కోడలు ఆ కొస పీకి కంప్యూటర్ వీపున, ఎర్ర చీటీ పక్కనే, తగిలించింది. ఎర్ర గుర్తు పోయింది. పన్నెండూ నలభైకి ఆమె మళ్ళీ ఈ లోకంలో ఉన్నట్టయింది.

ధ్రువపత్రం రాయడానికి శుక్రవారం లైన్‌మన్ వచ్చాడు. ఫోన్లో ఫారం తెరిచి, కారణం అనే గడిలో నాలుగే ఉన్నాయన్నాడు: ఉరుము, రోడ్డు తవ్వకం, ఎలుక, ఇంటి మనిషి.

“ఎలుక అని పెట్టు బాబూ,” అంది కోడలు మెల్లిగా.

“ఎలుకైతే కొరికిన ఫోటో పెట్టాలమ్మా.”

ఈ మాట అత్తగారి చెవిన పడనే పడింది. “నేను చేసింది ఎలుక మీద తోస్తావా? రాసుకో నాయనా. నేనే. ఎవరి సాయం లేకుండా, వంగి, బల్ల కిందకి దూరి మరీ పెట్టాను.”

వంగి అన్న మాట దగ్గర కోడలికి బీరువాలో దాచిన అనుమతి కాగితం గుర్తొచ్చింది. ఆ మోకాలు ఇంకొక్క అంగుళం వంచండమ్మా అని నెలరోజులుగా వ్యాయామం చేయించే డాక్టరమ్మ బతిమాలుతోంది. మంగళవారం అది వంగిన మాట నిజమే. వంగాక, బల్ల కోడు పట్టుకుని లేవడానికి పావుగంట పట్టింది. ఆ పూట నుంచీ మోకాలు గుమ్మడికాయలా వాచింది. ఇదంతా కూడా రాసుకోమని కోడలు చెప్పబోయింది. అప్పటికే లైన్‌మన్ ‘ఇంటి మనిషి’ నొక్కి, కింద వివరాల గడిలో అత్తగారి మాటలు ఉన్నదున్నట్టు ఎక్కించి, అందులో ఇంక చోటు లేదని చూపించాడు. నిజంగానే లేదు.

బుధవారం ఉత్తరం వచ్చింది. ధ్రువపత్రం గడువులోనే అందిందనీ, కారణం సంతృప్తికరంగా ఉందనీ పర్యవేక్షణాధికారి రాశారు. రోగి ఎవరి సాయమూ లేకుండా వంగి బల్ల కిందకి దూరినట్టు రుజువైనందున అనుమతి ఉద్దేశం నెరవేరిందనీ, ఉద్యోగిని సోమవారం నుంచి ఆఫీసుకు హాజరు కావాలనీ ఉంది. రోగి ఇంత త్వరగా కోలుకున్నందుకు ఆఫీసు తరఫున అభినందనలు కూడా ఉన్నాయి.

ఆ చివరి వాక్యాన్ని అత్తగారు రెండుసార్లు చదివించుకుని విన్నారు. విని, బాత్రూమ్‌కి వెళ్ళాలి, చెయ్యందించమన్నారు.