మోటారు షెడ్డుకు మారిన సంసారం

కరెంటు ఆదా చేయాలంటే బల్బులు ఆర్పనక్కర్లేదు, ఏసీ తగ్గించనక్కర్లేదు, అసలు ఏదీ మానుకోనక్కర్లేదు! మీటరు తిరగని చోటికి సంసారాన్ని మార్చేస్తే చాలు. ఈ రహస్యం ఢిల్లీలో కూర్చున్న నిపుణులకు తెలియదు. రాజుపాలెం దగ్గర మా ఊళ్లో కోటేశ్వర్లు గారికి తెలుసు.

ఆయన పాతికెకరాల ఆసామి, మాజీ సర్పంచి. ఈ ఏడాది నుంచి ఊరి విద్యుత్ పొదుపు కమిటీకి అధ్యక్షుడు కూడా. జనవరి నుంచి మార్చి దాకా ఇంటి వాడకం ఎవరు ఎక్కువ తగ్గిస్తే వారికి సన్మానం అని ప్రకటించిందీ ఆయనే. ప్రకటించిన మర్నాడు తన బిల్లు చూసుకుంటే ఆయన గుండె గుభేలుమంది. ఊరందరికంటే పెద్ద బిల్లు అధ్యక్షుడిదే! పరువు పోదూ?

మామూలు మనిషైతే ఏసీ కట్టేసేవాడు. మరి ఈయన మామూలు మనిషా? పొలంలో బోరు మోటారుకు సర్కారు ఉచితంగా ఇచ్చే కరెంటు ఉంది. పగలు తొమ్మిది గంటలు! అక్కడ బిల్లూ లేదు, అడిగే మనిషీ లేడు. మూడో రోజుకల్లా ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గ్రైండర్ ట్రాక్టరెక్కి మోటారు షెడ్డు చేరాయి.

కోడలు సుప్రజ పొద్దున తొమ్మిదింటికి స్కూటీ మీద పొలం వెళ్తుంది. పిండి రుబ్బి, బట్టలుతికి, ఇస్త్రీ చేసి, మధ్యాహ్నం ఏసీలో ఓ కునుకు తీసి సాయంత్రం ఇల్లు చేరుతుంది. యువతకు పొలం మీద మమకారం పోయిందని ఏడ్చేవాళ్లు ఓసారి వచ్చి చూడాలి! రాత్రి కరెంటుండదు కాబట్టి ఫ్రిజ్‌లో పెరుగు పులుస్తుంది. దేశం కోసం ఆ మాత్రం పులుపు భరించలేమా?

చూసినవాళ్లు ఊరుకుంటారా? నెల తిరిగేసరికి ఆయన మోటారుకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కింద షెడ్లన్నీ కాపురాలయ్యాయి. ఊళ్లో ఇళ్ల బిల్లులు సగానికి పడిపోయాయి. కమిటీ ఫొటో పేపర్లో పడింది.

ఈ ఉద్యమం అర్థం కానిది ఒక్క జక్కయ్యకే. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసిన మనిషి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ లైనుకు ఆఖరున ఉంటుంది ఆయన మోటారు. తొలి కోత పెట్టుబడికే సరిపోయింది. రెండో కోత చేతికొస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది, దానికి ఇంకో రెండు తడులు కావాలి. మోటారేమో మూలుగుతోంది తప్ప నీళ్లెత్తడం లేదు. ఆయన వచ్చి కోటేశ్వర్లు గారి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, ఓల్టేజి చాలట్లా. నీ ఏసీ రెండు గంటలు కట్టేస్తే నా తోట తడిసిద్ది."

"ఏందిరా జక్కయ్యా! ఊరందరికీ ఆదా చెయ్యమని నేను చెబుతుంటే, నువ్వొచ్చి నాకు చెప్తన్నావా?" అన్నారు కోటేశ్వర్లు గారు, దుప్పటి మీదికి లాక్కుంటూ.

ఆ వారమే మోటారు కాలింది. నరసరావుపేట మోసుకెళ్లి వైండింగ్ చేయించి తెస్తే, నాలుగో రోజు మళ్లీ కాలింది. ఇక జక్కయ్యా, భార్య మణెమ్మా వాగు నుంచి బిందెలతో నీళ్లు మోశారు. రెండెకరాల మిరపకు బిందెలేం చాలతాయి? పూతా పిందే రాలిపోయి తోట నిలువునా ఎండింది.

మార్చి ఆఖరున సన్మాన సభ. మొదటి బహుమతి ఎవరికొచ్చిందో చెప్పాలా? శాలువా కప్పించుకున్న కోటేశ్వర్లు గారే మైకందుకుని ప్రత్యేక బహుమతి ప్రకటించారు. "నెల నుంచి ఒక్క యూనిట్టు కూడా వాడకుండా సేద్యం చేసిన మన జక్కయ్య!"

జక్కయ్య రాలేదు. మణెమ్మ వేదికెక్కి, ఇచ్చిన మైకు బిత్తరపోయి పట్టుకుంది.

"మోటారు కాలిపోయింది. తోట పోయింది. ఇంక మాకు కరెంటెందుకయ్యా?"

"విన్నారుగా! కరెంటెందుకంటంది! చానా గొప్ప మాట. అందరూ ఈమె మాదిరి ఆలోచించాల!" అంటూ కోటేశ్వర్లు గారు సభ చేత చప్పట్లు కొట్టించారు.

ముందు వరసలో ఉన్న నేను లేచి, ఈ ఊళ్లో కరెంటేమీ ఆదా కాలేదు, వీళ్ల నోటి దగ్గర కూడు లాక్కున్నాం అని అరవాల్సింది. అరవలేదు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. కోటేశ్వర్లు గారి పక్క షెడ్డు నాదే.