రెండు మీటర్ల ఆశ్రయం

ఆ ఉదయం కోడలి పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి రోడ్డు మధ్యలో ఎనిమిది డ్రమ్ములు పెట్టించాలి. ఎనిమిదిన్నరకు అత్తగారిని తీసుకొచ్చి వాటి మధ్య నిలబెట్టాలి. తొమ్మిదింటికి ఆఫీసులో తన పైఅధికారి పెద్దసారు చేత సంతకం పెట్టించుకోవాలి. ఇందులో తేడా రావడానికి ఏముంది అనుకుంది. ఇంజినీర్లు ఎప్పుడూ అలాగే అనుకుంటారు.

కోడలు రోడ్ల శాఖలో ట్రాఫిక్ ఇంజినీరు. వాళ్ల ఇంటి ముందున్న రోడ్డు వెడల్పు పద్నాలుగు మీటర్లు. దానికి ఇవతల రెండో అంతస్తులో అత్తగారు, అవతల సరిగ్గా ఎదురుగా అత్తగారి చెల్లెలు. అత్తగారికి మోకాళ్లు, చెల్లెలికి నడుము. లిఫ్టు పుణ్యమా అని ఇద్దరూ కిందికి దిగగలరు గాని, ఆ రోడ్డు దాటలేరు. ఏడు నెలలుగా బాల్కనీల్లోంచి చేతులూపుకుంటూ, ఫోన్లో మాట్లాడుకుంటూ కాలక్షేపం చేస్తున్నారు. మొన్న చెల్లెలు కొత్త కళ్లజోడు చూపించాలని బాల్కనీలో పది నిమిషాలు నిలబడితే, అక్క ఫోన్లో "చాలా బావుందే" అన్నారు. నిజానికి ఆమెకు కనిపించింది ఎండ తళుకు మాత్రమే. ఫోన్ పెట్టేశాక ఆవిడ కళ్లు తుడుచుకోవడం కోడలు చూసింది. అక్కడ మొదలైంది ఈ వ్యవహారమంతా.

ఆఫీసు లెక్కల్లో మనిషన్నవాడు సెకనుకు మీటరు పైనే నడుస్తాడు. కోడలు హాల్లో టేపు పరిచి అత్తగారిని నడిపించి చూసింది. సెకనుకు అరవై సెంటీమీటర్లు. అంటే రోడ్డు దాటడానికి ఇరవై మూడు సెకన్లు. రెండు వైపులా ఒకేసారి అంత ఖాళీ ఆ రోడ్డు మీద ఆదివారం కూడా దొరకదు. కానీ మధ్యలో రెండు మీటర్ల చోటు వదిలి, చుట్టూ అడ్డం పెడితే? ఒక్కోవైపు ఆరు మీటర్లే మిగులుతుంది. పది సెకన్ల ఖాళీ చాలు, అది నిమిషానికోసారి దొరుకుతుంది. ఒకవైపు చూసుకుని సగం దాటడం, ఆగి ఊపిరి పీల్చుకోవడం, రెండోవైపు చూసుకుని మిగతా సగం దాటడం. ఆఫీసు కాగితాల్లో దీని పేరు ‘పాదచారుల ఆశ్రయం’. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, ఇంట్లో పెద్దవాళ్లున్న మనిషి మాత్రం అయ్యుండడు.

పెద్దసారు మనసంతా ఆ రోడ్డు మీద కట్టించాలనుకున్న ఫుట్‌బ్రిడ్జి మీదే. దాని బొమ్మ ఆయన గదిలో గోడకు వేలాడుతూ ఉంటుంది. యాభై రెండు మెట్లు ఎక్కాలి, యాభై రెండు దిగాలి.

"మా అత్తగారు ఎక్కలేరు సార్" అంది కోడలు.

"కింద నుంచి చూసి ఆనందిస్తారమ్మా" అన్నారాయన. తర్వాత కాస్త మెత్తబడి, "సరే, రేపు ఎనిమిది నుంచి తొమ్మిది దాకా గంట టైమిస్తున్నా. ముప్పై మంది నీ డ్రమ్ముల మధ్య ఆగి దాటాలి. దాటారా, నీ మాటే. లేదంటే ఎల్లుండి నా బ్రిడ్జికి గుంతలు తవ్వుతారు" అన్నారు.

కాబట్టి ఆ ఉదయం ఆరున్నరకే కోడలు బాల్కనీలో నిలబడి మేస్త్రీకి ఫోన్ చేస్తోంది. అత్తగారు వంటింట్లో ఉన్నారు. పొయ్యి మీద కుక్కర్ కూత పెడుతోంది. ఆ కూతల సందుల్లోంచి కోడలి మాటలు ఆవిడ చెవిన పడ్డాయి.

"ఆశ్రయం ఎనిమిదికల్లా రెడీ అయిపోవాలి మేస్త్రీ. మా అత్తగారిని ఎనిమిదిన్నరకి తీసుకొచ్చేస్తా... రెండు మీటర్లు చాలు, ఆవిడకి అంతకన్నా ఎందుకు?... అబ్బే, పైన కప్పూ గిప్పూ ఏం వద్దు... ముందు మా అత్తగారితో మొదలుపెడదాం. తర్వాత వీధిలో పెద్దవాళ్లందరూ వాళ్లే వస్తారు."

కుక్కర్ కూతలో ‘ఆశ్రయం’ కాస్తా ‘ఆశ్రమం’ అయింది. అత్తగారి చేతిలో గరిటె జారి కింద పడింది.

ఆవిడ తిన్నగా కొడుకు దగ్గరికి వెళ్లారు. వాడు నోటి నిండా నురగతో పళ్లు తోముకుంటున్నాడు.

"ఒరేయ్, నన్నెక్కడికో తీసుకెళ్తోందట నీ పెళ్లాం. నీకు తెలుసా?"

కొడుకు ఉత్సాహంగా తలూపాడు.

"ఎన్నాళ్ల నుంచి అనుకుంటున్నారు?"

ఒక వేలు చూపించాడు. నెల.

"భోజనం సంగతి?"

"అక్కడ భోజనమేంటమ్మా!" అని నవ్వబోయి, నురగ మింగి, దగ్గుతూ స్నానాల గదిలోకి పరుగెత్తాడు.

నిమిషంలో చెల్లెలికి ఫోన్ వెళ్లింది. "నన్ను ఆశ్రమానికి పంపించేస్తున్నారే! ఎనిమిదిన్నరకే ముహూర్తం. రెండు మీటర్ల చోటట. కప్పు కూడా లేదట. తిండి పెట్టరట!"

"నీ కోడలా? బంగారం లాంటి పిల్ల కదే!"

"ఏం బంగారం! మొన్న హాల్లో టేపు పెట్టి కొలతలు తీసుకుంది. మోకాళ్ల కోసమనుకున్నా."

చెల్లెలు కిందికి దిగి, అక్కడ కొట్టున్న దర్జీతో చెప్పుకుని ఏడ్చింది. దర్జీ పక్క వాటాలో ఉన్న రిటైరైన లెక్కల మాస్టారికి చెప్పాడు. మాస్టారు వీధి వీధంతా చెప్పారు. ఈలోగా రోడ్డు మీద డ్రమ్ములు దింపుతున్న మేస్త్రీని ఎవరో "ఇవెందుకయ్యా?" అని అడిగితే, "ఇంజినీరమ్మ ఆశ్రయం పెడుతోందండీ" అన్నాడు. డ్రమ్ముల మోతలో అది కూడా ఆశ్రమమే అయింది. చుట్టూ డ్రమ్ములు కూడా పెడతారట అన్న వార్త తోడైంది. చిత్రమేమిటంటే, ఒక్క ఆ పేరు తప్ప ఈ వార్తల్లో అబద్ధమనేదే లేదు.

ఎనిమిదైంది. ఎర్రటి చారలున్న డ్రమ్ములు రోడ్డు మధ్యలో ముచ్చటగా కుదురుకున్నాయి. బళ్లన్నీ వాటిని చూసి నెమ్మదించాయి. పెద్దసారు చెట్టు కింద కుర్చీ వేసుకుని, అట్ట మీద కాగితం పెట్టుకుని, పెన్సిలు చెక్కుకున్నారు. అరగంటలో డ్రమ్ముల మధ్య ఆగింది ఇద్దరు. అందులో ఒకటి కుక్క.

"ఒకరమ్మా" అన్నారు పెద్దసారు, కాగితం మీద కుక్క లెక్కను కొట్టేస్తూ.

కోడలు గడియారం చూసుకుంది. ఇక అత్తగారే దిక్కనుకుని ఇంటికి పరుగెత్తింది. తలుపు తీసేసరికి అత్తగారు సంచీ పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉన్నారు.

"సంచీ ఎందుకత్తయ్యా? పది నిమిషాల పని."

"నీకు పది నిమిషాల పనేనమ్మా" అన్నారు అత్తగారు సంచీ గుండెలకు హత్తుకుంటూ. ఆ సంచీలో ఒక దుప్పటి, మోకాళ్ల నూనె, కుక్కర్ మీది విజిల్ ఉన్నాయి. తను వెళ్లాక ఆ ఇంట్లో అన్నమెలా ఉడుకుతుందో చూద్దామని ఆవిడ ఉద్దేశం.

ఇద్దరూ రోడ్డు అంచుకు వచ్చారు. అవతలి అంచున చెల్లెలు, దర్జీ, మాస్టారు, వాళ్ల వెనక నలభై మంది దాకా జనం. అక్క చేతిలో సంచీ చూడగానే చెల్లెలు కేకేసింది.

"అక్కా! ఎక్కడికీ కదలకు! నేనొస్తున్నా!"

రోషం ఎంతున్నా నడుము దూకనివ్వదు కదా. కుడివైపు చూసింది. ఖాళీ దొరికింది. ఒక్కో అడుగే వేసుకుంటూ డ్రమ్ముల దాకా వచ్చి, ఒకదాన్ని పట్టుకుని నిలబడి ఆయాసం తీర్చుకుంది. అటొక బస్సు పోయింది, ఇటొక లారీ పోయింది. ఆవిడకేమీ కాలేదు. ఆ సంగతి ఆవిడ గమనించనే లేదు.

వెనక జనం కదిలారు. "ఎనిమిదేసి మందే! తోసుకోకండి! ముందు వాళ్లు దాటాక మీరు!" అని మాస్టారు అలవాటు కొద్దీ వరసలు పెట్టించారు. పెద్దసారు పెన్సిలు ఆగకుండా నడుస్తోంది. జనం విడతలు విడతలుగా ఆగి, దాటి, కోడలి చుట్టూ మూగారు. చెల్లెలు మాత్రం డ్రమ్ముల మధ్య నుంచే అందుకుంది.

"ఏమ్మాయ్! మా అక్క నీకంత బరువైపోయిందా? ఏదీ, ఎక్కడుందా ఆశ్రమం? చూపించు!"

"ఆశ్రమమేంటి చిన్నత్తయ్యా?" కోడలు తెల్లబోయింది. "ఆశ్రయం! మీరు నిలబడ్డదే!"

అందరూ డ్రమ్ముల వంక చూశారు. మాస్టారు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. "రెండు మీటర్లు... సరిపోయింది. కప్పు లేదు... అదీ సరిపోయింది. భోజనం..." అని దర్జీ వైపు చూశారు. దర్జీ ఆకాశం వైపు చూశాడు.

అత్తగారు మాత్రం ఎవరినీ చూడటం లేదు. ఆరు మీటర్ల దూరంలో నిలబడి ఉన్న చెల్లెలినే చూస్తున్నారు.

"అంటే... అక్కడిదాకా నేను వెళ్లొచ్చా?"

"మీ కోసమే కదత్తయ్యా చేసింది! మీ నడక కొలిచి మరీ చేశాను" అంది కోడలు.

ఖాళీ వచ్చింది. అత్తగారు సంచీ కోడలి చేతికిచ్చి అడుగు వేశారు. కోడలు సెకన్లు లెక్కపెట్టింది. తొమ్మిదిన్నర సెకన్లు. లెక్క కన్నా అర సెకను ముందే చేరుకున్నారు. ఏడు నెలల తర్వాత అక్కాచెల్లెళ్లు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి, బళ్ల మధ్య నిలబడి హాయిగా ఏడ్చారు.

"నీ కళ్లజోడు బావుందే. ఈసారి నిజంగానే" అన్నారు అత్తగారు. తర్వాత వెనక్కి తిరిగి, "అమ్మాయ్! ఆ సంచీలో నీ కుక్కర్ విజిల్ ఉంది, తీసుకో! ఎందుకుందని మాత్రం అడక్కు!" అని కేకేశారు.

పెద్దసారు కాగితం మడిచి వచ్చారు. "ముప్పై అడిగితే నలభై మూడు ఇచ్చావమ్మా. బ్రిడ్జి బొమ్మ దింపేస్తాలే" అని నిట్టూర్చి, డ్రమ్ముల వైపు చూశారు. తొమ్మిది దాటింది. తొమ్మిదింపావు కూడా దాటింది. ఆయనే దగ్గరికి వెళ్లి, "అమ్మా, ఇక్కడ ఆగడం వరకే. అటో ఇటో వెళ్లిపోవాలి" అని బతిమాలారు.

"ఏడు నెలల కబుర్లు బాబూ, ఇప్పుడే మొదలుపెట్టాం" అన్నారు అత్తగారు డ్రమ్ముకు ఆనుకుని. మాస్టారు అప్పటికే రెండు కుర్చీలతో రోడ్డు దాటుతున్నారు.

వారంలో మంజూరు పత్రం వచ్చింది. పాదచారుల ఆశ్రయాన్ని రెండు మీటర్లకు బదులు మూడు మీటర్ల వెడల్పుతో శాశ్వతంగా కట్టవచ్చునని, అందులో కూర్చోవడానికి బల్లలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయరాదని పెద్దసారు స్వయంగా పెన్నుతో రాశారు.