ముందు బయల్దేరిన చేతిసంచి

గురువారం ఉదయం ఎనిమిది గంటలకు ఎల్లారెడ్డిలోని ఆండ్రిస్ ఇంట్లో, గోడ మేకుకు ఉండాల్సిన చేతిసంచి లేదు. అందులో ఆయన అత్తగారు వెల్టా పాస్‌పోర్టు ఉంది. ఆమె విమానం శుక్రవారం రాత్రి, హైదరాబాద్ నుంచి.

ఆండ్రిస్‌ది లాత్వియా దేశం. ఆరేళ్ల కింద ఒక మిషన్ సంస్థ పంపితే భార్య ఇల్జెతో కలిసి ఎల్లారెడ్డికి వచ్చాడు. నడవలేని పిల్లలకు వ్యాయామంతో చికిత్స చేసే కేంద్రం నడుపుతాడు. తెలుగును బైబిల్ చదివి నేర్చుకున్నాడు. ఇల్జె పక్కింటి గంగమణి అరుగు మీద, ఆమె బీడీలు చుడుతుండగా నేర్చుకుంది. అందువల్ల భర్త గ్రంథంలా మాట్లాడతాడు, భార్య ఎల్లారెడ్డిలా మాట్లాడుతుంది. పని ఉన్నవాళ్లు భార్యతోనే మాట్లాడతారు.

వెల్టా కూతురిని చూడటానికి వచ్చి నెల దాటింది. ఆ నెలంతా ఆమె కూడా గంగమణి అరుగు మీదే గడిపింది. ఒకరు బీడీలు చుట్టేవారు, ఒకరు ఊలు మేజోళ్లు అల్లేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో ఇల్జె వస్తే గంగమణి ప్రశ్నలన్నీ ఆమెను అడిగేది.

"మీ లాత్వియా ఏడుంటది బిడ్డా?"

"రష్యా పక్కనుంటదవ్వా."

"దుబాయ్ కంటె దూరమా?"

"దూరమే."

"మరి మనోళ్లెవ్వరు గాడికి పనికి పోతలేరేంది?"

"సలి అవ్వా. చెవులు ఊడిపోతయి."

గంగమణి వెల్టా చెవుల వైపు చూసి, రెండూ ఉన్నాయని నిర్ధారించుకుని, మళ్లీ బీడీ అందుకుంది.

వెల్టా చిన్న కూతురు రీగా నగరంలో ఉంటుంది. నిండు నెలలు. బిడ్డ అడ్డం తిరిగి ఉందని డాక్టర్లు ఆదివారం ఆపరేషన్ పెట్టారు. ఆమె భర్త ఓడలో పని చేస్తాడు, ఇప్పుడు సముద్రం మీద ఉన్నాడు. తల్లి తప్ప దగ్గర ఉండేవారు లేరు. ఈ సంగతి బుధవారం సాయంత్రం గంగమణికి తెలిసింది. ప్రయాణం ఏ రోజో కూడా అప్పుడే తెలిసింది.

"శుక్రారమా? శుక్రారం ఆడామె ఇంట్లకెళ్లి బయలెల్లద్దు బిడ్డా. అందుల కాన్పుకు పోయే తల్లి."

"టికెట్ శుక్రారానికే తీసినమవ్వా."

"టికెట్టుకేం తెలుసు?"

ఇల్జె నవ్వి ఊరుకుంది. గంగమణి ఊరుకోలేదు. దీనికి ఉపాయం ఉంది, అది ఆ వాడలో అందరికీ తెలుసు. మంచి రోజు కాని రోజు ప్రయాణం పడితే, ముందురోజే మంచి ఘడియలో ప్రయాణికుడి వస్తువు ఒకటి గడప దాటించి, దారిలో ఉన్న ఇంకొకరి ఇంట్లో ఉంచుతారు. అప్పుడు ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. మర్నాడు పోతూ పోతూ ఆ వస్తువును తీసుకుంటారు. నియమం ఒక్కటే. బయల్దేరిన వస్తువు ముందుకే పోవాలి. వెనక్కి వస్తే ప్రయాణం చెడుతుంది.

గురువారం ఏడు గంటలకు గంగమణి వచ్చేసరికి ఆండ్రిస్ కేంద్రానికి వెళ్లాడు. ఇల్జె స్నానానికి వెళ్లింది. వెల్టా ఒక్కతే ఉంది. పెట్టెలు రెండూ గంగమణి కంటే బరువు. మేకుకు చేతిసంచి ఉంది. గంగమణి సంచిని చూపించింది, వీధిని చూపించింది. వెల్టా తల ఊపింది. ఆ సంచి పట్టీ కుట్టు ఊడిందని ముందురోజు ఆమె గంగమణికి చూపించి ఉంది. గంగమణి దాన్ని కుట్టించుకొస్తుందని వెల్టా అర్థం చేసుకుంది, లోపల పాస్‌పోర్టు ఉందని ఆమెకు తట్టలేదు. తాను చెప్పింది వెల్టాకు అర్థమైందని గంగమణి అర్థం చేసుకుంది.

అందుకే ఎనిమిదింటికి సంచి ఏదని ఇల్జె అడిగితే, కుట్టడానికి పోయిందని తల్లి చెప్పింది. గంగమణి అప్పటికి చుట్టిన బీడీలు ఒప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లింది; ఏ కార్ఖానాకో, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఫోన్ అరుగు మీద మోగుతోంది. ఇల్జె భర్తను పిలిపించింది. ఆండ్రిస్ బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే అతని వద్దకు వెళ్లాడు.

"అయ్యా, నా అత్తగారి సంచి మీ యొద్ద ఉన్నదా?"

"ఏ అత్త సారూ?"

"నా భార్యను కన్న తల్లి."

"గది నాకెర్కే. సంచి ఏ రంగుదంటున్న."

ఆండ్రిస్ చెప్పిన రంగుది అక్కడ లేదు. ఆండ్రిస్ ఇద్దరు దర్జీలను కూడా అడిగాడు. అడిగిన ప్రతిచోటా ఒకరిద్దరు ఆయన వెంట నడిచారు. ఆయన ఇల్లు చేరేసరికి వాకిట్లో మంది నిండారు.

"సంచిల బంగారమున్నదా సారూ?"

"లేదు. పాస్‌పోర్టు ఉన్నది."

ఆ వాడలో ఇంటికొకరు గల్ఫ్‌కు పోయినవారే. బంగారం పోతే ఏం చేయాలో వారిలో కొందరికి తెలియకపోవచ్చు. పాస్‌పోర్టు పోతే ఏమవుతుందో అందరికీ తెలుసు.

ఆండ్రిస్ ఢిల్లీలోని తమ రాయబార కార్యాలయానికి ఫోన్ చేశాడు. వాళ్లు రెండు విషయాలు చెప్పారు. పోయిందని పోలీసులకు రాసిస్తే ఆ పాస్‌పోర్టు రద్దవుతుంది, తర్వాత దొరికినా చెల్లదు. దానికి బదులు ఇచ్చే కాగితం వచ్చే మంగళవారానికి గాని రాదు. ఆపరేషన్ ఆదివారం. ఇల్జె ఈ మాట తల్లికి చెప్పింది. వెల్టా అల్లుతున్న మేజోడు ఒడిలో పెట్టి, మళ్లీ తీయలేదు.

ఇంకా వెతకాలా, రాసివ్వాలా అని మధ్యాహ్నం దాకా ఆలోచించి ఆండ్రిస్ చొక్కా మార్చుకున్నాడు. స్టేషన్‌కు వెళ్లడానికి గేటు తీసేసరికి ఎదురుగా గంగమణి ఖాళీ గంపతో వస్తోంది.

"ఏంది గీ మంది? ఏమైంది బిడ్డా?"

"అమ్మ సంచి ఏడ కుట్టనిచ్చినవవ్వా? ఏడ సూసినా కనవడ్తలేదు," అంది భర్త వెనకే వచ్చిన ఇల్జె.

"ఎట్ల కనవడ్తది? నేనే బయలెల్లదీసిన. పొద్దుగాల మంచి గడియల."

"అండ్ల అమ్మ పాస్‌పోర్టున్నదవ్వా!"

గంగమణి గంప దించింది. "పాస్‌పోర్టు అండ్లెందుకుంటది? ఏజెంటు కాడుంటది గద!"

"మాకు ఏజెంటు లేడవ్వా."

"ఏజెంటు లేకుండ గంత దూరం ఎట్ల పోతరే?"

గంగమణి కొడుకు మహిపాల్ రెండుసార్లు దుబాయ్ వెళ్లాడు. రెండుసార్లూ పాస్‌పోర్టును విమానాశ్రయం గేటు దగ్గరే ఏజెంటు చేతి నుంచి అందుకున్నాడు. రెండుసార్లూ గంగమణి అతని సంచిని ముందురోజు బయల్దేరదీసింది. అందులో రెండు లుంగీలు, ఒక మామిడికాయ తొక్కు సీసా ఉన్నాయి. ప్రయాణికుడి సంచిలో పాస్‌పోర్టు ఉండగలదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సంచి హైదరాబాద్ పోయే దారిలోనే, కామారెడ్డి రోడ్డు మీద సిద్ధిరాములు ఇంట్లో ఉందని ఆమె చెప్పింది. అతను రిటైరైన బస్ కండక్టరు, ఆమెకు మరిది వరుస. ఆండ్రిస్ ఆమెను కారులో ఎక్కించుకుని వెళ్లాడు. ఇంటికి తాళం ఉంది. ఫోన్ చేస్తే బస్సు చప్పుడు వినిపించింది.

"బిచ్కుంద పోతున్న వదినె, బిడ్డ కాడికి. తాళమేసిన ఇంట్ల బయలెల్లిన సంచి ఎట్ల పెడ్త? మల్ల నీ కాడికి తెస్తె నువ్వే తిడ్తవ్. బీరయ్య మేకలమ్మి లింగంపేట పోతుండె, ఇచ్చి పంపిన."

"ముందలికే పంపినవ్ గద?"

"ముందలికే. కామారెడ్డి దిక్కే."

గంగమణి ఫోన్ పెట్టేసి ఆండ్రిస్ వైపు చూసింది. "సూసినవా సారూ? గందుకే ఈనింట్ల పెట్టిన. బుద్ధిమంతుడు."

"దయచేసి మీరు ఆయనను మెచ్చుకొనవద్దు," అన్నాడు ఆండ్రిస్.

లింగంపేటలో బీరయ్య దొడ్డి దగ్గరే దొరికాడు. సంచి దొరకలేదు.

"ఇంట్ల పెడ్దామనే తెచ్చిన సారూ. కడపల కాలు పెట్టిన, మా ఇంటామె తుమ్మింది. ఒక్కటే. ఇంకోటి తుమ్మితె దోషం పోతదని ఆగిన. తుమ్మలే. కారంపొడి ముక్కు కాడ పెట్టి సూసిన. తిట్టింది గని తుమ్మలే. ఒంటి తుమ్ము పడ్డ ఇంట్ల పరాయోళ్ల సంచి పెడ్తమా? మా మానస కామారెడ్డి పోతుంటె ఆమెకిచ్చిన."

మానస బీరయ్య కూతురు. కామారెడ్డిలో బట్టల దుకాణంలో పని చేస్తూ అక్కడే ఒక గదిలో అద్దెకు ఉంటుంది.

"సంచిని తెరచి చూచితిరా?"

"అరె, బయలెల్లిన సంచి ఇప్పుతరా? ఊపి సూసిన. లోపట సీస సప్పుడైంది. ఏంది సారూ అది?"

"దగ్గు మందు."

"గంతేనా," అన్నాడు బీరయ్య.

మానస మొదటి పిలుపుకే ఫోన్ ఎత్తింది. సంచి తన బీరువా మీద ఉందని చెప్పింది. బస్సులో తిరిగి పంపమంటే, "ఎనుకకా? బాపు ఊకోడు సార్," అంది. అయితే తానే వచ్చి తీసుకుని ఇంటికి వెళ్తానని ఆండ్రిస్ చెప్పాడు. వెనక సీట్లో ఉన్న గంగమణి కారు తలుపు తీసింది.

"ఇంటికా?"

"అవును. రేపు ఇంటి నుండియే బయలుదేరెదము."

గంగమణి దిగి దొడ్డి ముందు నేల మీద కూర్చుంది.

"నువ్వు పో సారూ. నేను రాను. సంచి మర్లి ఇంటికొచ్చినంక గా పిల్లకేమన్న అయితె, ఎల్టక్క మొకం నేనెట్ల సూడాలె?"

"అవ్వా, దేవుడు అన్ని దినములను సమానముగా చేసియున్నాడు."

"చేసిండు. శుక్రారం గుడ ఆయనే చేసిండు. నేను కాదన్ననా?"

బీరయ్య కూడా ఆమె పక్కన కూర్చున్నాడు. మేకలు రెండు వచ్చాయి. ఆండ్రిస్‌కు మిగిలిన దారి భార్యకు ఫోన్ చేయడం. ఇల్జె అంతా విని తల్లికి చెప్పింది. ఆ మాటలు లాత్వియా భాషలో చాలాసేపు నడిచాయి. తర్వాత ఇల్జె మళ్లీ ఫోన్‌లోకి వచ్చి, స్పీకర్ పెట్టమంది.

"అవ్వా, ఇంటున్నవా? బయలెల్లినంక ఎనుకకు మర్లద్దని మా దిక్కు గుడ అంటరంట. మా అమ్మమ్మ చెప్తుండెనంట. నాకిప్పటిదాక తెల్వదు. సంచి రావద్దు, నేనే సంచి కాడికి పోత అంటున్నది. పెట్టెలు మూస్తున్నది."

"ఎప్పుడు?" అన్నాడు ఆండ్రిస్.

"గిప్పుడే. నువ్వు తొందరగ రా."

గంగమణి చీర దులుపుకుని లేచింది. "మీ అత్తకు నీ కంటె ఎక్కువ తెల్సు సారూ," అని కారెక్కింది. కారు ఎల్లారెడ్డి చేరేదాకా ఆమె వేళ్ల మీద వారాలు లెక్క వేసుకుని, ఆ రోజు గురువారమేనని తేల్చుకుని, చివరికి అంది: "బేస్తారం బయలెల్లుతున్నది. సంచి ముందు తోలకున్నా నడుస్తుండె."

ఆండ్రిస్ కారును ఇంటి ముందు ఆపాడు.

సాయంత్రం వాకిట్లో పొద్దుటి మంది మళ్లీ వచ్చారు. ఈసారి ఊరగాయ, పల్లిపట్టి, ఒక దుప్పటి తెచ్చారు. వెల్టా తాను అల్లిన మేజోళ్లు పంచింది. ఎండాకాలంలో వాటిని ఎప్పుడు వేసుకోవాలో ఎవరూ అడగలేదు. గంగమణి వంతు వచ్చేసరికి ఆమె అక్కడ లేదు. చూస్తే కారు వెనక సీట్లో కూర్చుని ఉంది. సంచిని వెల్టా చేతిలో పెట్టేదాకా తన పూచీ అంది.

ఆ రాత్రి కామారెడ్డిలో, మానస గదిలో నలుగురు ఆడవాళ్లు పడుకున్నారు. ఆండ్రిస్ కారులో పడుకున్నాడు. పడుకునే ముందు ఆయన సంచి తెరిచి పాస్‌పోర్టు చూడాలన్నాడు. తెల్లారేదాకా ఇప్పవద్దని గంగమణి అంది. చివరికి పైనుంచి తడిమి చూడటానికి ఒప్పుకుంది. ఆయన తడిమాడు. దళసరి అట్ట ఉన్న పుస్తకం తగిలింది. అది బైబిల్ కూడా కావచ్చని ఇల్జె అంది. ఆయనకు నిద్ర పట్టలేదు.

తెల్లవారాక వెల్టా సంచి తెరిచింది. బైబిల్ ఉంది, దాని కింద పాస్‌పోర్టు ఉంది.

శుక్రవారం పన్నెండు గంటలకు పెట్టెలు కారెక్కాయి. అప్పుడు వెల్టా అందరినీ కూర్చోమని సైగ చేసింది. దూరం వెళ్లేముందు ఇంట్లోవాళ్లంతా ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చుంటారని, తమ దగ్గర అలా చేయకుండా ఎవరూ కదలరని ఇల్జె చెప్పింది.

"బయలెల్లినంక మల్ల కూసుంటరా?" గంగమణి గుమ్మంలో అడ్డం నిలబడింది. "మనం కూసుంటె పని కూసుంటది బిడ్డా. చెప్పు మీ అమ్మకు."

ఇల్జె చెప్పింది. వెల్టా మంచం మీద కూర్చుని, కదలలేదు. గంగమణి గుమ్మంలో నిలబడి, కదలలేదు. ఆండ్రిస్ గడియారం చూసుకుని ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. పొద్దుటి పూట సెలవు తీసుకున్న మానసకు దుకాణానికి ఆలస్యమవుతోంది.

"కార్ల కూసోండ్రి," అంది మానస. "ఎట్లయిన కూసోవాల్సిందే గద."

అందరూ వెళ్లి కారులో కూర్చున్నారు. గంగమణి కూడా వెల్టా పక్కన కూర్చుంది. ఎవరూ మాట్లాడలేదు. నిమిషం పూర్తి కాకముందే ఇల్జె ఫోన్ మోగింది. వెల్టా ముఖం తెల్లబోయింది. ఇల్జె విన్నది, తల్లికి చెప్పింది. వెల్టా రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"ఏమాయె? బిడ్డా, ఏమాయె?" గంగమణి ఇల్జె భుజం పట్టుకుంది.

"చెల్లెకు కాన్పయిందవ్వా. నొప్పులు ముందే వచ్చినయంట. బిడ్డ దానంతట అదే తిరిగిందంట. ఆపరేషన్ చెయ్యలే. ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు."

"ఎప్పుడు?"

"గిప్పుడే."

గంగమణి వెల్టా చేతులను ముఖం మీది నుంచి తీసి తన చేతుల్లో పెట్టుకుంది. "శుక్రారం లచ్చిమి పుట్టింది అక్కా! శుక్రారమంత మంచి దినం ఇంకోటున్నదా?"

ఆండ్రిస్ వెనక్కి తిరిగాడు. "అవ్వా, నిన్నటి దినమున మీరు చెప్పినది..."

"నిన్న బేస్తారం సారూ," అంది గంగమణి. "బండి తియ్యి. ఆలస్యమైతది."

ఆమె దిగింది. వెల్టా కూడా దిగి ఆమెను పట్టుకుంది. ఇద్దరూ ఏదో చెప్పుకున్నారు, ఒకరు తెలుగులో, ఒకరు లాత్వియా భాషలో. ఇల్జె తర్జుమా చేయలేదు, వాళ్లు అడగలేదు.

కారు హైదరాబాద్ రోడ్డు ఎక్కింది. వెల్టా ఆ రాత్రి విమానం ఎక్కింది. గంగమణి శుక్రవారమంతా కదలకుండా మానస గదిలోనే ఉండి, ఎల్లారెడ్డి బస్సును శనివారం పొద్దున ఎక్కింది.