పొగపెట్టెకు వోల్టేజీ చాల్లేదు

మా వీధిలో నన్ను స్క్రూల చిన్నప్ప అంటారు. నేను విప్పి బిగించిన ప్రతి వస్తువుకీ రెండు స్క్రూలు మిగులుతాయి. అవి కంపెనీవాడు ఎక్కువ వేసినవని నా అభిప్రాయం. నా భార్య సునందది వేరే అభిప్రాయం.

మొన్న అనంతపురంలో ఒక హోటలు మూసేస్తుంటే, కరెంటు పొగపెట్టె ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. లోపల కోడిని వేలాడదీసి, చెక్కముక్కలు పోసి స్విచ్ వేస్తే, ఆ వేడికీ పొగకీ కోడి మెల్లగా ఉడుకుతుందట. ఆదివారం బత్తలపల్లె నుంచి బావమరిది దేవేంద్ర భోజనానికి వస్తున్నాడు. పోయినసారి వాడి ముందు మిక్సీ బాగుచేస్తే, చట్నీ అంతా వాడి కొత్త చొక్కా మీదికి పోయింది. ఈసారి పొగకోడి తినిపించి పరువు నిలబెట్టుకోవాలి.

శుక్రవారం స్విచ్ వేశాను. ఎర్రలైటు వెలిగింది, వేడి రాలేదు. ఫ్యూజు మార్చాను. ప్లగ్గు మార్చాను. వైరు మార్చాను. గంట తర్వాత లోపల చెయ్యి పెడితే, బయటికంటే అక్కడే హాయిగా ఉంది.

"పెరుగు పెడ్దామా అందులో?" అంది సునంద, తడిగుడ్డతో దాన్ని తుడుస్తూ.

"వోల్టేజీ చాల్లేదు," అన్నాను. మా వైపు ఏది చెడినా మొదటి ముద్దాయి వోల్టేజీయే.

ఆదివారం పొద్దున కొళాయి నీళ్లు వచ్చాయి. మాకు నాలుగు రోజులకొకసారి, గంటసేపు వదులుతారు. వదలగానే వీధిలో ఇరవై ఇళ్లవాళ్లూ కొళాయిలకు మోటర్లు తగిలించి లాగుతారు. మాది చిట్టచివరి ఇల్లు. మా కొళాయికి గాలి బాగా వస్తుంది.

"ఇన్ని మోటర్లు తిరుగుతాంటే నా పెట్టెకి కరెంటు యాడిది? అందర్నీ ఆపమని అడిగొస్తా," అన్నాను.

వద్దంటుందనుకున్నాను. సునంద చెప్పులు తెచ్చి నా కాళ్ల ముందు పెట్టింది. "పోయిరా. ఒక్క ఇల్లు గూడా ఇడిసిపెట్టొద్దు."

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నా తెలివిని ఆమె గౌరవించడం అదే మొదలు. నాకు కళ్లు చెమర్చాయి.

ఇంటింటికీ తిరిగి దండాలు పెట్టాను. "నీ కోడికీ మా మోటర్‌కీ ఏం సంబంధమప్పా?" అంది పక్కింటి ఓబమ్మ. వోల్టేజీ గురించి వివరంగా చెప్పాను. వినలేక మోటర్ ఆపేసింది. మిగతావాళ్లకు తలా ఒక కోడిముక్క మాటిచ్చాను. వీధంతా సద్దుమణిగింది.

పరుగున వచ్చి, కోడిని పెట్టెలో వేలాడదీసి స్విచ్ వేశాను. ఫ్యాను గిర్రున తిరిగింది, ట్యూబులైటు ధగధగలాడింది. అర్ధగంటైనా కోడికి చలి తగ్గలేదు. అప్పుడు వినబడింది, పెరట్లో మా మోటరు గుర్రుమంటోంది.

"మోటర్ ఎవురేసినారు?"

"నేనే."

"మరి నా వోల్టేజీ?"

"దాంట్లో వేడెక్కే కాయిలే లేదు కదయ్యా. అడుగు రేకు ఎత్తి చూడు."

ఎత్తి చూశాను. కాయిల్ ఉండాల్సిన చోట రెండు వైర్లు దిక్కులు చూస్తున్నాయి.

"నీకెప్పుడు తెలిసింది?"

"శుక్రవారమే. తుడుస్తాంటే చూసినా."

"చెప్పలేదేం?"

"ఈ పొద్దు చెప్దామనే అనుకుంటి. నువ్వు వీధంతా మోటర్లు ఆపిస్తానంటివి. మన సంపు నిండి రెండేండ్లాయె. నాకు నోరు రాలేదు."

అంతలో నీళ్లు ఆగిపోయాయి. వీధి వీధంతా ఖాళీ బిందెలతో మా గుమ్మం ముందుకొచ్చి, నా ఏడు తరాలనూ తలుచుకుంది.

సునంద అడ్డం వచ్చింది. "ఈయన సంగతి మీకు తెలీందా వదినా. మా సంపులో కొంచెం నీళ్లుండాయి. ఇంటికి రెండు బిందెలు ఆయనే మోసిస్తాడు."

"నీది ఎంత పెద్ద మనసమ్మా. ఇట్లాంటోనితో ఎట్లా ఏగుతాండావో," అంది ఓబమ్మ.

దేవేంద్ర వచ్చేసరికి నేను పదమూడో ఇంటి దగ్గరున్నాను, భుజం మీద బిందెతో. వాడు నన్ను దాటుకుని మా ఇంటికి పోయాడు. వాళ్లక్క వండిన కోడిపులుసు మూడుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

సాయంత్రం సునంద నా భుజాలకు నూనె రాస్తుంటే, "రేపు పోయి కాయిల్ తెస్తా," అన్నాను.

"తొందరేముంది? గురువారం మళ్లా నీళ్లొస్తాయి. అందాకా దాన్ని ఇట్లే ఉండనీ," అంది.