జమున మడమకు అందని రోడ్డు

కర్రి జమున స్పోర్ట్స్ బైకు మీద కూర్చుంటే మడమలు నేలకు ఆనడం లేదని కుంచాల వీధిలో రోడ్డును ఏటా బెత్తెడు ఎత్తు పెంచుతున్నారు. సీటు కాస్త కోయించుకుంటే సరిపోయేది. కానీ సీటు కంపెనీవాళ్లు బిగించింది, దాన్ని ముట్టుకుంటే నేరం. జమునను దేవుడు పొట్టిగా చేశాడు, ఆయన్ని అడిగే నాథుడు లేడు. ఇక మిగిలింది రోడ్డే.

జమున ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఆ బైకంటే ఆమెకు ప్రాణం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండిని మునివేళ్ల మీద నిలపలేక రెండుసార్లు పడింది. పడితే పడ్డానని ఊరుకోకుండా, సీటు కోయించుకుంటానని మున్సిపాలిటీని అనుమతి అడిగింది. అడగడమే ఆమె చేసిన తప్పు.

మున్సిపల్ ఇంజనీరు సన్యాసిరావు పాత రోడ్డు గీకించడు. ఎవరూ గీకించరు కూడా. దాని మీదే కొత్తది పోయిస్తాడు. ఆరాక జమునను బైకెక్కమని, వంగి ఆమె మడమ కింద అరచెయ్యి దూర్చి చూస్తాడు. బెత్తెడు ఖాళీ అలాగే ఉంటుంది.

"ఇంకా అందలేదమ్మా. వచ్చే ఏడు చూద్దాం," అంటాడు.

"బైకు కూడా రోడ్డు మీదే ఉన్నాది కదా సార్! రోడ్డుతోపాటు అదీ లెగుస్తాది," అని జమున మొదటి ఏడే చెప్పింది.

"బైకు మా డిపార్ట్‌మెంటు కాదమ్మా. రోడ్డు వరకే మాది."

ఈ మాట అంటున్నప్పుడు ఆ మహానుభావుడికి సిగ్గు వెయ్యలేదు. విన్నవాళ్లకు కోపమూ రాలేదు.

గేట్లు పోయాయి, అరుగులు పోయాయి, కింది కిటికీలు పోయాయి. మేడలున్నవాళ్లు పై వాటాలకు చేరి బాల్కనీలను గుమ్మాలు చేసుకున్నారు. పొట్టిదానికి అంత బండెందుకని జమునను నోటికొచ్చినట్టు తిట్టారు. మున్సిపాలిటీని మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఆ తరవాత పడకగదులు రోడ్డు మట్టానికి వచ్చాయి. వాటిని సెల్‌ఫోన్ల కొట్లకూ బేకరీలకూ అద్దెకిచ్చుకుని, తిట్టడం మానేశారు.

మేడ లేనిది పైడమ్మకే. ఇస్త్రీ చేసుకుని బతికే ఆమెది రేకుల ఇల్లు. రోడ్డు ఇప్పుడు రేకుల అంచుదాకా వచ్చింది. బట్టల మూటలు తాడు కట్టి దింపుతారు, ఆమె నిచ్చెనెక్కి బయటికొస్తుంది. ఈసారి పొర పడితే ఆ ఇల్లు కనపడదు. కనపడని ఇల్లు అడ్డం కాదు కాబట్టి, దాని మీదుగా రోడ్డు వెడల్పు కూడా చేద్దామని నిర్ణయమైంది.

అది విన్న జమునకు ఒళ్లు మండిపోయింది. వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి, సీటు కవరు చింపి, లోపలి స్పాంజి బెత్తెడూ కోసి పారేసింది. ఎక్కి కూర్చుంటే రెండు మడమలూ నేలకు ఆనాయి. ఆమెకు ఏడుపొచ్చింది. సన్యాసిరావును పిలిచి చూపించింది.

"అందింది సార్. ఇంక ఆపీండి."

ఆయన అరచెయ్యి దూర్చబోయాడు. దూరలేదు. ఆయన మొహం మాడిపోయింది.

సాయంత్రానికి వీధంతా జమున గుమ్మంలో ఉంది. "ఎలకలున్నాయని ఇల్లు తగలెట్టుకుంటారేటి? ఒక్క రేకుల కొంప కోసం రోడ్డు వెడల్పు ఆపించీసి ఇంతమంది కొట్ల బేరాలు పోగొట్టెత్తావా?" అన్నాడు ఎదురింటి సూరప్పడు. వాళ్లే చందాలు వేసుకుని కంపెనీ సీటు కొత్తది తెచ్చి, ఆమె చూస్తుండగానే బిగించి పోయారు. ఒకావిడ బొట్టు కూడా పెట్టింది, సీటుకి.

రోడ్డు పని మొదలయ్యే రోజు జమున నిచ్చెన దిగి పైడమ్మ ఇంట్లోకి వెళ్లింది.

"అప్పా, పైకొచ్చీ. మా ఇంట్లో ఉందువుగాని."

పైడమ్మ ఇస్త్రీపెట్టె మీంచి తల ఎత్తలేదు. "ఎందుకమ్మా? వానొస్తే రేకులు కారి బట్టలన్నీ తడిసిపోయీవి. ఇప్పుడు పైన రోడ్డేస్తన్నారు కదా, సుక్క కారదు. మూటలకి కన్నం వొదులుతానన్నాడు ఆ ఇంజనీరు బాబు. మంచోడు."

జమునకు ఆ బాబు మీద కంటే పైడమ్మ మీదే ఎక్కువ కోపం వచ్చింది. పైడమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి లాగి అరవాలనిపించింది. కానీ ల్యాబుకు టైమవుతోంది. నిచ్చెనెక్కి వచ్చేసింది.

రోడ్డు పడింది. మర్నాడు సన్యాసిరావు వంగి చూసి, వచ్చే ఏడు చూద్దామన్నాడు. జమున సరేనంది. బైకు స్టార్ట్ చేసి వేగం పెంచింది. రోడ్డు చాలా బాగా వేశారు. పైడమ్మ ఇంటి మీదుగా పోతున్నప్పుడు చిన్న కుదుపు కూడా లేదు.