ఎడమవైపు పై సైలెన్సర్

శనివారం ఉదయం వోల్టర్ హిడింగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలువ అవతలి ఊళ్ళో లామర్ట్ స్వీర్స్ అనే ముసలాయన షెడ్డుకు వెళ్ళాలి, ఒక సైలెన్సర్ తెచ్చుకోవాలి, సూపు చల్లారకముందే ఇంటికి చేరాలి.

వోల్టర్ పాత జపాన్ మోటార్‌సైకిళ్ళ విడిభాగాల వ్యాపారి. అతని కొట్టంలో అరవైతొమ్మిది నాటి నాలుగు సిలిండర్ల హోండా ఒకటి ఉంది. నట్లూ బోల్టులతో సహా అన్నీ ఆ ఏడాదివే. నాలుగు సైలెన్సర్లలో మూడు దొరికాయి. ఎడమవైపు పైది మాత్రం దొరకలేదు. బ్రెమెన్ నుంచి వచ్చిన బేరగాడు బండి చుట్టూ తిరిగి, ఆ ఖాళీలో వేలు పెట్టి చూసి, "ఇదీ అసలుదైతే తీసుకుంటాను. నకలు తగిలిస్తే నాకు ఫోన్ కూడా చెయ్యకు" అని వెళ్ళిపోయాడు. బండి అమ్ముడుపోకపోతే నెలాఖరుకు బ్యాంకువాళ్ళు కొట్టానికి తాళం వేస్తారు. వోల్టర్ బతుకంతా అలా బారెడు ఇనుప గొట్టంలో ఇరుక్కుంది.

ఆ గొట్టం లామర్ట్ దగ్గర, పెట్టె విప్పకుండా ఉందని వోల్టర్‌కు తెలుసు. లామర్ట్ వ్యాపారులకు సీల కూడా అమ్మడనీ తెలుసు. అయితే ఆయన తన ముఖం ఎన్నడూ చూడలేదు. అందుకే కొట్టం పేరు రాసి ఉన్న వ్యానును చర్చి వెనక వదిలి, నడిచి వెళ్ళాడు. ఈ వ్యాపారంలో కావలసిన సరుకును ఎవరూ నేరుగా అడగరు. దాని పక్క సరుకును అడిగి, చివర్లో దీన్ని బలవంతాన ఒప్పుకున్నట్టు పట్టుకుపోతారు.

"మూడువందల యాభై సీసీ బండికి సైలెన్సర్ ఏమైనా ఉందా, పెద్దాయనా?"

"ఎవరికి?"

"మా తమ్ముడికి. మీ ఊళ్ళోనే ఉండే యానెస్. మా నాన్న బండి వాడి బంగాళాదుంపల షెడ్డులో పడి ఉంది. బాగుచేసిద్దామని."

"ఇన్నేళ్ళు లేని తొందర ఇప్పుడేం వచ్చిందబ్బాయ్?"

ఈ ప్రశ్న వోల్టర్ లెక్కలో లేదు. "వాడి ఒంట్లో అంత బాగుండటం లేదు" అని తల దించి బూట్ల కొసలు చూసుకున్నాడు. ఆ ప్రాంతంలో మగవాడు బూట్ల కొసలు చూసుకున్నాడంటే దానికి ఒకటే అర్థం. లామర్ట్ తల మీది టోపీ తీసేశాడు.

"మూడువందల యాభైది లేదు. పెద్ద బండిది ఒకటుంది. అది దీనికి పట్టదు."

"పర్వాలేదు, అదే ఇవ్వండి. ముందు కొస కోసి ఎలాగో బిగించుకుంటా."

"నువ్వా? ఆ చేతులు చూడు, పిండి ముద్దల్లా ఉన్నాయి. నేను పాల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసినవాణ్ణి. నేనే కోసి, అతికి, నేనే తెచ్చి బిగిస్తా. డబ్బు మాటెత్తకు. ఇది పొరుగు బాధ్యత."

డ్రెంతె అనే ఆ ప్రాంతపు పల్లెల్లో ఆ మాట వచ్చాక ఇక బేరం లేదు. పక్కింట్లో జబ్బు చేస్తే కట్టెలు కొట్టడం, పశువుల్ని చూసుకోవడం, చివరికి శవపేటిక మొయ్యడం అన్నీ పొరుగువాళ్ళ పనే. వద్దనడం అవమానించడంతో సమానం. వోల్టర్ ఉత్త చేతులతో వ్యాను దగ్గరికి నడిచాడు.

మర్నాడు చర్చి వదలగానే మళ్ళీ లామర్ట్ దగ్గరికి పరిగెత్తాడు. "తొందరేం లేదు పెద్దాయనా. తమ్ముడికి కాస్త నయంగా ఉంది."

లామర్ట్ కళ్ళు చెమర్చాయి. "మా ఆవిడకీ అంతే. పోయేముందు కాస్త నయమైంది. ఈ వారమే పూర్తి చేస్తా."

"అసలు వాడికి ఆ బండి వద్దట."

"వద్దన్నాడా?" లామర్ట్ కుర్చీలో కూలబడ్డాడు. "ఆశ కూడా పోయిందన్నమాట. అయితే మరీ దగ్గరికి వచ్చేసింది." లేచి వెళ్ళి ఊరందరికీ ఫోన్లు చేశాడు.

యానెస్ ఆ సమయంలో పందిమాంసం ముక్కలు వేసిన అట్టు మీద పాకం పోసుకుంటున్నాడు. పక్కింటి మార్హీన్ తలుపు తట్టకుండా లోపలికి వచ్చి, అట్టు పళ్ళెం తీసేసి, ముందు ఎముకల సూపు గిన్నె పెట్టింది.

"ఇదేంటి పిన్నీ?"

"తాగు నాయనా. అరిగేది తినాలి ఇప్పుడు."

"నాకేమైంది?"

మార్హీన్ బూట్ల కొసలు చూసుకుంది. ఆమె వెనక మరో ఇద్దరు వచ్చి ఆవులు ఎక్కడున్నాయో అడిగారు. ఇంకొకడు వడ్రంగి. అతనేమీ అడగలేదు, యానెస్‌ను తల నుంచి కాలిదాకా ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. కళ్ళు తిరుగుతున్నాయని యానెస్ ఆ ముందువారమే డాక్టరుకు రక్తం ఇచ్చి ఉన్నాడు. విషయం అందరికీ తెలిసిందనీ, తనకే చెప్పడం లేదనీ అతనికి అర్థమైంది. సూపు తాగి మంచం ఎక్కాడు.

వోల్టర్ రొప్పుతూ వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "లేరా. నీకేం కాలేదు. ఒక సైలెన్సర్ కోసం నేనే అబద్ధం చెప్పాను."

"సైలెన్సర్ కోసం తమ్ముణ్ణి చంపుకుంటారా ఎవరైనా? చెప్పేదేదో నమ్మేలా చెప్పన్నయ్యా."

"నేను చంపుతాను. నా సంగతి నీకు తెలీదా?"

"తెలుసు. ఏళ్ళ తరబడి నా గుమ్మం తొక్కనివాడివి, ఇవాళ పరిగెత్తుకుంటూ వచ్చావు. నువ్వు కనిపించగానే తెలిసిపోయింది, నా పని అయిపోయిందని." యానెస్ గోడవైపు తిరిగాడు. "నాన్న గడియారం నువ్వే తీసుకో. దానికోసమేగా నాతో మాటలు మానేశావు."

ఇక పొరుగు బాధ్యత ఉరుకులు పెట్టింది. బంగాళాదుంపల మధ్య నుంచి పాత బండిని బయటికి లాగారు. డ్రెంతెలో జపాన్ బండి సామాను లేని షెడ్డు అరుదు. ఒకడు టాంకు తెచ్చాడు, ఒకడు సీటు. మిగతావి ఎక్కడ దొరుకుతాయో అందరికీ తెలిసిందే. సాయంత్రానికి వోల్టర్ కొట్టంలో క్లచ్ ప్లేట్లు, చెయిను, హెడ్‌లైటు ఖాళీ అయ్యాయి. అతని భార్య రూల్ఫీన్ తానే మూటగట్టి ఇచ్చింది.

"డబ్బు తీసుకోలేదా?"

"చావబోయేవాడి బండికి డబ్బు తీసుకోమంటావా? అదీ నీ తమ్ముడికి? సిగ్గులేదూ నీకు?"

"వాడు చావడు."

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అలాగే అంటూ ఉండు, పాపం."

వోల్టర్ లెక్క మళ్ళీ వేసుకున్నాడు. అటకమీద మూడువందల యాభైకి సరిపోయే అసలు సైలెన్సర్ ఒకటి ఉంది. దాన్ని ఊరికే ఇవ్వడం నష్టమే. అయితే అది చేతికందితే లామర్ట్ రంపం పక్కన పెడతాడు. పెద్దది నిక్షేపంగా ఉంటుంది, ఆ తర్వాత మరో అబద్ధం వెతుక్కోవచ్చు. చిన్న నష్టంతో పెద్ద నష్టం ఆగుతుంది. మర్నాడు తెల్లవారగానే దాన్ని వ్యానులో వేసుకుని కాలువ దాటాడు.

షెడ్డు తలుపు తీసే ఉంది. వోల్టర్ ముందు సైలెన్సర్‌ను చూశాడు. గీత పడకుండా గుడ్డ చుట్టి, బల్లకున్న ఇనుప పట్టుడులో బిగించి ఉంది. కోయవలసిన చోట సుద్దముక్కతో గుండ్రంగా గుర్తు పెట్టి ఉంది. రంపపు పన్ను ఒక్కటి కూడా తగల్లేదు. ఆ తర్వాత పెద్దాయన్ను చూశాడు. ఆయన పీట మీద గోడకు ఆనుకుని, ఒళ్ళో రంపంతో, చల్లబడి ఉన్నాడు.

వోల్టర్ టోపీ తీశాడు. చుట్టూ ఎవరూ లేరు. ఈసారి వ్యాను వాకిట్లోనే ఉంది. అతని చెయ్యి మెల్లగా పట్టుడు పిడి మీదికి వెళ్ళి, ఒక చుట్టు వదులు చేసింది.

"ఆయన పని నువ్వు పూర్తి చేస్తున్నావా నాయనా?" అంది గుమ్మంలోంచి మార్హీన్, ఆయన కోసం తెచ్చిన రొట్టెతో.

వోల్టర్ మళ్ళీ బిగించాడు.

ఆ పగలే డాక్టరు యానెస్‌కు ఫోన్ చేసి, ఉప్పూ పందికొవ్వూ తగ్గించమన్నాడు. అంతకుమించి ఏమీ లేదన్నాడు. యానెస్ మంచం దిగి, ఎవరి ముఖమూ చూడలేక ఆవుల దగ్గరికి వెళ్ళాడు. పొరుగువాళ్ళు మాత్రం తికమకపడలేదు. "వచ్చిన చావు ఉత్త చేతులతో పోదుగా. ఇక్కడ పట్టలేదు, అక్కడ పట్టింది" అంది మార్హీన్. నల్లకోట్లు దులిపి ఉన్నాయి, మోసేవాళ్ళ వరస కుదిరి ఉంది, వడ్రంగి చెక్క కోసి ఉంచాడు. కొలత ఒక్కటే మార్చవలసి వచ్చింది.

పేటిక మూసే ముందు సైలెన్సర్ ప్రస్తావన వచ్చింది. యానెస్ ముందుకొచ్చాడు. చేతుల్లో టోపీ నలుపుతున్నాడు.

"ఆయన దాన్ని నాకిచ్చాడు. కోయడానికి చెయ్యి రాక దాని ముందే ప్రాణం వదిలాడు. అది నాదే కాబట్టి నేనే తిరిగి ఇస్తున్నాను. ఆయనతోనే పోనివ్వండి."

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. వోల్టర్ తమ్ముడి మోచెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కసారి ఆలోచించు యానెస్. భూమిలో పెడితే తుప్పు పడుతుంది."

"మనిషి పట్టడా ఏమిటి?" అంది మార్హీన్.

పేటిక మూతకు నల్ల రిబ్బనుతో దాన్ని కట్టారు. తమ్ముణ్ణి అంత ప్రేమగా చూసుకున్నవాడని వోల్టర్‌కు మోసేవాళ్ళ ముందు వరసలో చోటిచ్చారు. చర్చి నుంచి గుంటదాకా ఆ క్రోమియం అతని చెవి పక్కనే తళతళలాడింది. దింపుతున్నప్పుడు తాడు అందరికంటే ఆలస్యంగా వదిలాడు. అది దుఃఖమే అనుకున్నారు.

పూడ్చి వచ్చాక అందరికీ కాఫీ పోస్తుండగా బ్రెమెన్ నుంచి ఫోన్ వచ్చింది.

"దొరికిందా?"

"దొరికింది."

"అసలుదేనా?"

"అసలుదే. ఒక్క గీత లేదు."

"ఎక్కడుంది మరి?"

"ఇప్పుడే పూడ్చిపెట్టి వచ్చాం."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది. నెలాఖరుకు కొట్టం ఏమవుతుందో వోల్టర్ ఇక లెక్క వేయనక్కర్లేకపోయింది.

బల్ల అవతలివైపు యానెస్ రెండో కేకు ముక్క తీసుకున్నాడు. చావు కాఫీ దగ్గర మనిషికి ఒక్క ముక్కే మర్యాద. అయినా ఎవరూ ఏమీ అనలేదు. ఆ కేకు చెప్పి చేయించింది అసలు అతని కోసమే.