తడవని రాయి

గద్వాలలోని మా చేనేత సంఘం చెమ్మపై సంపూర్ణ విజయం సాధించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. చిన్న సవరణ: రక్షణ పొందినది చీరలు దాచే సెల్లార్ కాదు, దాని గోడకు బయట ఆనించి కట్టిన ప్రారంభోత్సవ శిలాఫలకం.

సెల్లార్ గోడకు నీరు ఊరి, ఉప్పు పొంగేది. లోపల ఏ పూత పూసినా ఉప్పు దాన్ని మర్యాదగా బయటికి నెట్టేసేది. కారణం ఊరందరికీ తెలుసు. ఫలకం దిమ్మె వెనక వాన నీరు నిలిచి గోడలోకి దిగుతోంది. రాయి తీసి, పునాది దాకా తవ్వి, బయటివైపు పూత వేస్తే సరిపోతుంది.

"పెద్దోళ్ల పేర్లున్న రాయి పీకుతమా? నేనుండంగ గా పని కానియ్య!" అని అధ్యక్షుడు మహిపాల్ గర్జించాడు. పెద్దల్లో ఆయన పేరే కాస్త పెద్దక్షరాల్లో ఉంది.

బాలస్వామి, యాదమ్మ దంపతులు నేసిన పెళ్లిచీర ఆ సెల్లార్‌లోనే ఉంది. శుక్రవారం బిజినేపల్లి పెళ్లివారు వచ్చి తీసుకోవాలి.

"సారూ, జర నా చీరనన్న పైన పెట్టుండ్రి. జరీ నల్లగైతది" అని యాదమ్మ బతిమాలింది.

చీర పైన ఉంటే సెల్లార్ బాగాలేదని అర్థం వస్తుంది కనుక సంఘం ఒప్పుకోలేదు.

గోడ బాగుకు చందా అడిగితే ఒక్కరి చేయీ జేబులోకి పోలేదు. ఇచ్చినవారి పేర్లు చెక్కిస్తామనగానే పాన్‌గల్ నుంచి కూడా వచ్చి ఇచ్చారు. పేర్లు పెరిగాయి, రాయి పెరిగింది, వెనక గుంటా పెరిగింది. వసూలైన డబ్బుతో రాతికి నీళ్లు పట్టని పూత వేసి, పైన రేకుల కప్పు కట్టించారు. కప్పు మీది నీళ్లు తిన్నగా సెల్లార్ గోడ మొదట్లో పడేవి.

గురువారం వాన దంచికొట్టింది. శుక్రవారం చీర తీస్తే పట్టు నిండా ఉప్పు చారలు, జరీ నలుపు. పెళ్లివారు వేరే చీర కొనుక్కుని పోయారు.

యాదమ్మ ఆ చీర తెచ్చి ఫలకం మీద ఆరేసింది. క్షణాల్లో సంఘమంతా పరుగెత్తుకొచ్చింది. చీర నానినప్పుడు మాత్రం ఎవరూ రాలేదు.

"ఏందమ్మా గిది? పేర్లు కనిపిస్తలేవు!" అన్నాడు మహిపాల్.

"తడవని జాగ గిదొక్కటే ఉన్నది సారూ. నా కష్టాన్ని జర ఆరనియ్యుండ్రి."

సభ చలించిపోయింది. ఆమె నష్టానికి చింతిస్తూ రెండో గోడకు మరో శిలాఫలకం పెట్టాలని అక్కడికక్కడే తీర్మానించారు. యాదమ్మ పేరూ చెక్కుతారట, చందా ఇస్తే.

రాతి మీద ఇంకా చోటుంది. మీ పేరు ఎలా రాయాలో ఇప్పుడే సరిగ్గా చెప్పండి. తరవాత తప్పని తేలినా రాయి తీయడం మా వల్ల కాదు.